ఆరోగ్య పాఠము: నైరోబీ సభలకు ప్రయాణమయ్యేవారికి



ఈ మధ్య మా ఓ.పి. కౌంటరు దగ్గర ఒక కొత్త రకం చీటీలు కనబడుతున్నాయి. "జ్వరం", "మోకాళ్ళ నొప్పులు", "షుగరు చూపించుకోవాలి" అని వ్రాయించే చోట "ఆఫ్రికా వెళ్ళాలి" అని వ్రాయిస్తున్నారు. మొదటిసారి ఆ చీటీ చూసి మా సిస్టరు నవ్వారు. ఇప్పుడు నవ్వడం లేదు. అలా వచ్చేవారికి చెప్పవలసినవి ఎన్నో ఉన్నాయని మాకు అనుభవం మీద తెలిసింది.

కెన్యా దేశపు రాజధాని నైరోబీ సభలకు, సదస్సులకు పేరుపొందిన నగరం. ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది. ప్రపంచ చర్చిల మండలి ఐదవ మహాసభ 1975లో అక్కడే జరిగింది. మన సంఘాలనుండి స్త్రీల మైత్రి సభ్యులు, ఉపాధ్యాయులు, నర్సులు, యౌవనస్థులు ఆహ్వానాలు అందుకొని అటు వెళ్తున్నారు. వారిలో చాలామంది మొదటిసారి విమానం ఎక్కేవారు, బి.పి. గాని షుగరు గాని ఉన్నవారు. ఆహ్వానపత్రం రాగానే చీరలు, స్వెట్టర్లు, బంధువులకు కానుకలు అన్నీ ఆలోచిస్తారు. ఆరోగ్యం సంగతి ప్రయాణానికి మూడు రోజుల ముందు గుర్తుకు వస్తుంది. అప్పటికి మేము చేయగలిగింది కొద్దిగానే ఉంటుంది. అందుకే ఈ పాఠము.

ముందు డాక్టరు, తరువాత టిక్కెట్టు

కెన్యా వెళ్ళేవారికి మొట్టమొదటి విషయం ఎల్లో ఫీవరు టీకా. దీని గురించి ఒక అపోహ ఉంది. "ఆఫ్రికావాళ్ళు అడుగుతారట కదండీ" అంటారు. నిజానికి మన దేశంనుండి నేరుగా వెళ్ళేవారిని ఈ టీకా విషయంలో గట్టిగా పట్టుకునేది నైరోబీ విమానాశ్రయం కాదు. తిరిగి వచ్చేటప్పుడు మన దేశపు విమానాశ్రయమే! ఎల్లో ఫీవరు ఉన్న దేశాలనుండి సర్టిఫికెట్టు లేకుండా వచ్చినవారిని, వారు ఆ దేశం విడిచిన సమయం నుండి ఆరు రోజులు నిండేవరకు మన ఆరోగ్య అధికారులు విడిగా ఉంచుతారు. మన పౌరులైనా సరే. ఇంటివారు బయట కారు పెట్టుకొని ఎదురుచూస్తుంటారు, వీరు లోపల ఉంటారు.

ఇంత కఠినం ఎందుకంటే దానికి బలమైన కారణమే ఉంది. ఎల్లో ఫీవరును వ్యాపింపజేసే దోమ ఏడిస్ ఈజిప్టై. మనకు డెంగ్యూ తెచ్చిపెడుతున్న దోమ అదే. అంటే దోమ మన ఇంటి పూలకుండీలలో, పాత టైర్లలో, కూలరు నీళ్ళలో ముందే కాపురం ఉంది. ఆ వైరసు మాత్రం మన దేశానికి ఇంతవరకు రాలేదు. రోగంతో ఒక్కరు వచ్చినా ఇక్కడి దోమలు దానిని అందుకోగలవు. అందుకని గుమ్మం దగ్గరే ఆపుతున్నారు.

ఈ టీకా ప్రతి ఆసుపత్రిలో వేయరు. మా దగ్గర కూడా వేయము. ప్రభుత్వం అనుమతించిన కేంద్రాలలోనే వేస్తారు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. అన్ని రోజులూ వేయకపోవచ్చు గనుక ముందుగా కనుక్కొని, పాస్‌పోర్టు తీసుకొని వెళ్ళండి. టీకా వేసిన పదవ రోజునుండి మాత్రమే సర్టిఫికెట్టు చెల్లుతుంది. కనుక ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు పని పూర్తి కావాలి. నెల ముందే చూసుకుంటే ఇంకా మంచిది. ఒకప్పుడు పదేళ్ళకు ఒకసారి మళ్ళీ వేయించుకోవలసి వచ్చేది. 2016 జూలై 11 నుండి ఆ నిబంధన మారింది, ఒక్కసారి వేయించుకుంటే సర్టిఫికెట్టు జీవితాంతం చెల్లుతుంది. పాత కార్డు మీద పదేళ్ళే అని వ్రాసి ఉన్నా అది చెల్లుతుంది.

ఇంకొక చిన్న సంగతి, కాని పెద్ద తలనొప్పి. కార్డు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మనలో చాలామందికి ఇంట్లో ఒక పేరు, బాప్తిస్మపు పేరు ఒకటి, బడి సర్టిఫికెట్టులో మరొకటి ఉంటాయి. టీకా గదిలో "పేరు చెప్పండమ్మా" అని అడిగితే అలవాటుగా నోటికి వచ్చిన పేరు చెప్పేస్తారు. పాస్‌పోర్టు తెరిచి చూపించి వ్రాయించుకోండి. వ్రాసిన తరువాత నంబరు కూడా ఒకసారి సరిచూసుకోండి.

ఇక టీకా అందరికీ పడదు. ఇది బ్రతికి ఉన్న, బలహీనపరచిన వైరసుతో చేసిన టీకా. గుడ్డుతో తీవ్రమైన అలర్జీ ఉన్నవారికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి, కేన్సరు మందులు గాని ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు గాని వాడుతున్నవారికి, థైమస్ గ్రంథి జబ్బు ఉన్నవారికి ఇవ్వరాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 60 ఏళ్ళు దాటినవారు డాక్టరుతో కూర్చొని లాభనష్టాలు మాట్లాడుకున్న తరువాతే నిర్ణయించుకోవాలి. అరవై దాటి మొదటిసారి ఈ టీకా వేయించుకునేవారిలో తీవ్రమైన దుష్ఫలితాలు అరుదే గాని, చిన్నవారిలో కంటె ఎక్కువ. మన సంఘాలలో సభలకు ఎంపిక చేసేది సాధారణంగా పెద్దవారినే కదా!

ఒక సహోదరి విషయంలో ఇదే జరిగింది. ఆమెకు కీళ్ళవాతం, దాని కోసం వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ బిళ్ళలు, రోజూ స్టెరాయిడు వాడుతున్నారు. టిక్కెట్టు కొన్నారు, తిరిగి ఇవ్వని రకం టిక్కెట్టు. తరువాత టీకా కోసం వచ్చారు. "ఈ మందులతో ఈ టీకా వేయడం క్షేమం కాదమ్మా" అని మేము చెప్పవలసి వచ్చింది. మందు మానేసి వేయించుకుంటానన్నారు. అలా మానితే కీళ్ళు మళ్ళీ వాస్తాయి, పైగా మానిన వెంటనే టీకా క్షేమమూ కాదు. వైద్య కారణాలచేత టీకా వేయలేదని లేఖ వ్రాసి ఇవ్వవచ్చు. కాని ఆ లేఖ ఉన్నంత మాత్రాన తిరుగు ప్రయాణంలో నిలిపివేయరనే హామీ లేదు. ఆమె ఏడ్చారు. డబ్బు కోసం కాదు, ఆ సభలో మాట్లాడడానికి మూడు నెలలు కష్టపడి సిద్ధపడ్డారు. ముందు వచ్చి ఉంటే డబ్బైనా మిగిలేది, ఆమె బదులు మరొకరికి అవకాశమైనా దొరికేది.

మిగిలిన టీకాల సంగతి క్లుప్తంగా: టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, ధనుర్వాతము టీకాలు ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా మన హైదరాబాదులోనే తయారవుతోంది, దొరకడం కష్టం కాదు.

నైరోబీలో దోమలు లేవన్న మాట

ఈ భాగము కొంచెం శ్రద్ధగా చదవమని కోరుతున్నాము.

నైరోబీ సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. మన అరకు కంటె దాదాపు రెండింతల ఎత్తు, ఊటీ కంటె కొంచెం తక్కువ. చల్లగా ఉంటుంది గనుక నగరంలో మలేరియా భయం చాలా తక్కువ. ఈ మాట నిజమే. వెళ్ళివచ్చినవారు ఇదే చెబుతారు: "అక్కడ దోమలే లేవండి, ఆ బిళ్ళలు అనవసరం." కాని సభ ముగిసిన తరువాత ఎవరు నైరోబీలో కూర్చుంటారు? 2017లో నైరోబీ నుండి మొంబాసాకు కొత్త రైలు మార్గం ప్రారంభమైంది. అయిదారు గంటలలో సముద్రతీరం చేరవచ్చు. ఇంత దూరం వచ్చాము, ఒక్కసారి సముద్రం చూసి వద్దామని బయలుదేరుతారు. కొందరిని పశ్చిమాన విక్టోరియా సరస్సు ఒడ్డునున్న కిసుము ప్రాంతపు సంఘాలు ఆహ్వానిస్తాయి. ఆ తీరప్రాంతమూ, ఆ సరస్సు ప్రాంతమూ మలేరియా బాగా ఉన్న చోట్లు. అక్కడ ఎక్కువగా కనబడేది ఫాల్సిపారమ్ రకం. మలేరియాలలో ప్రాణం తీసేది అదే.

58 ఏళ్ళ ఒక అమ్మగారు సభలనుండి తిరిగి వచ్చిన ఎనిమిదవ రోజున జ్వరంతో పడుకున్నారు. డెంగ్యూ రోజులు. ఇంటి దగ్గర పారాసెటమాల్ వేసుకున్నారు. మూడవ రోజున ఒకచోట రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు తగ్గాయన్నారు, డెంగ్యూ కావచ్చన్నారు. అయిదవ రోజు సాయంత్రం మా దగ్గరకు తెచ్చేసరికి మాట తడబడుతోంది, కళ్ళు పచ్చబడ్డాయి. మా డ్యూటీ డాక్టరు "అమ్మా, ఈ మధ్య ఊరేమైనా వెళ్ళారా?" అని అడిగితే, "ఎక్కడికీ వెళ్ళలేదు బాబూ, ఇంట్లోనే ఉన్నాను" అన్నారు. ఆమె దృష్టిలో ఊరు వెళ్ళడం అంటే పుట్టింటికో, పెళ్ళికో వెళ్ళడం. కోడలు కూడా ఏమీ చెప్పలేదు, అడిగింది జ్వరం గురించే గదా అనుకున్నది. మంచం పక్కన ఉన్న అల్లిక సంచి మా సిస్టరు కంటపడింది. "ఈ సంచి ఎక్కడ కొన్నారమ్మా? బాగుందే" అని అడిగారు. కెన్యాలో కియోండో అని పిలిచే నార సంచి అది, మొంబాసా బజారులో కొన్నది. ఆ మాట రాగానే రక్తం తీసి స్లైడు చూశారు. ఫాల్సిపారమ్. వెంటనే ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మూడు రోజులు ఐ.సి.యు.లో ఉన్నారు. బ్రతికారు. నడిచి ఇంటికి వెళ్ళారు. ఆ సంచి ఇప్పుడు మా సిస్టరు దగ్గర ఉంది, ఇచ్చి వెళ్ళారు. ఆ సాయంత్రం ఆ సంచి ఇంట్లో మరచి వచ్చి ఉంటే ఏమయ్యేదో అని మేము ఇప్పటికీ అనుకుంటుంటాము.

కాబట్టి నైరోబీ దాటి వెళ్ళే ఆలోచన ఏమాత్రం ఉన్నా ముందే మాకు చెప్పండి. మలేరియా రాకుండా వేసుకునే మందులు ఉన్నాయి. క్లోరోక్విన్ అక్కడి ఫాల్సిపారమ్‌కు పనిచేయదు, ఇంట్లో మిగిలిన పాత బిళ్ళలు తీసుకొని వెళ్ళవద్దు. డాక్సీసైక్లిన్ అయితే ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, ఆ ప్రాంతం విడిచిన తరువాత కూడా నాలుగు వారాలు రోజూ వేసుకోవాలి. గర్భిణులకు, చిన్న పిల్లలకు ఇది పనికిరాదు. వేసుకున్నప్పుడు ఎండకు చర్మం కమిలే స్వభావం ఉంది. మెఫ్లోక్విన్ వారానికి ఒకటే గాని, మూర్ఛ గాని మానసిక వ్యాధి గాని ఉన్నవారు వాడరాదు. అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ కలిపిన బిళ్ళ తిరిగి వచ్చిన తరువాత ఏడు రోజులు వాడితే చాలు. ఏది మీకు తగినదో మీ జబ్బులు, మీ ఇతర మందులు చూసి డాక్టరే చెప్పాలి. మందు వేసుకున్నా దోమతెర, పొడుగు చేతుల జాకెట్టు, ఒంటికి రాసుకునే దోమల మందు తప్పనిసరి. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. అయినా దోమతెర కట్టుకోవడం ఇప్పటికీ మనకు బరువే!

గర్భిణులు మొంబాసా, కిసుము ప్రయాణాలు మానుకోవడమే మంచిదని మా అభిప్రాయం.

మందుల సంచి మీ చేతిలోనే

రోజూ వాడే మందులు పెద్ద పెట్టెలో వేసి పంపకండి. పెట్టె ఒక్కోసారి మీతో రాదు. బి.పి. బిళ్ళలు పెట్టెలో ఉండిపోయి, పెట్టె మూడు రోజులు ఆలస్యంగా చేరి, సభ మొదటి రోజే తల తిరిగి పడిపోయిన పెద్దాయన ఒకరు మా పాత రోగి. ఆయన వాడేది సామాన్యమైన ఆమ్లోడిపిన్. నైరోబీలో ఏ మందుల షాపులోనైనా దొరికేదే. కాని ఆయనకు తెలిసింది మన దగ్గర అట్ట మీద ఉండే కంపెనీ పేరు మాత్రమే. ఆ పేరు అక్కడ ఎవరికీ తెలియదు. అందుకే మీ చీటీ మీద మందు అసలు పేరు, మోతాదు పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో వ్రాసి ఇమ్మని డాక్టరును అడగండి. వ్రాయమంటే మేము విసుక్కోము. సభ రోజులకు సరిపోయే దానికంటె వారం రోజుల మందులు ఎక్కువ ఉంచుకోండి.

ఇన్సులిన్ వాడేవారు దానిని చేతి సంచిలోనే ఉంచుకోవాలి. సామాను అరలో చలికి గడ్డకడితే ఆ ఇన్సులిన్ ఇక పనిచేయదు, కరిగాక చూడడానికి బాగానే ఉన్నా. చేతి సామానులో 100 మిల్లీలీటర్లకు మించి ద్రవాలు వద్దనే నిబంధన మందులకు వర్తించదు; డాక్టరు లేఖ, చీటీ దగ్గర ఉంచుకొని తనిఖీ దగ్గర మీరే ముందుగా చెప్పండి. సిరంజీలు, సూదులు కూడా ఆ లేఖలో వ్రాయించండి.

నైరోబీ గడియారం మనకంటె రెండున్నర గంటలు వెనుక. రాత్రి 9 గంటలకు ఇన్సులిన్ వేసుకునేవారికి అక్కడ అది సాయంత్రం 6:30. వారం రోజుల సభకు ఇది పెద్ద మార్పు కాదు, కాని ఏ రోజు ఏ గంటకు వేసుకోవాలో వెళ్ళే ముందు కాగితం మీద వ్రాయించుకోండి. విమానంలో ఒక్క నియమం: భోజనం పళ్ళెం మీ ముందు పెట్టిన తరువాతే భోజనానికి ముందు వేసే ఇన్సులిన్. బండి రెండు వరుసల అవతల ఉండగానే వేసుకుంటే, ఇంతలో విమానం కుదుపులకు వడ్డన ఆపేస్తే, షుగరు పడిపోతుంది. జేబులో గ్లూకోజు బిళ్ళలో, నాలుగు చాక్లెట్లో ఉంచుకోండి.

దుబాయి మీదుగా వెళ్ళేవారికి ప్రత్యేకంగా చెప్పాలి. దగ్గు మందులలో ఉండే కొడీన్, నొప్పికి వాడే ట్రమడాల్ వంటివి ఎమిరేట్స్ దేశంలో నియంత్రిత మందులు. ముందుగా అనుమతి లేకుండా తీసుకొని వెళ్తే చిక్కులు వస్తాయి. విమానం మారడానికి మాత్రమే దిగినా, చట్టం చట్టమే. అంతకంటె ఆశ్చర్యం కలిగించేది గసగసాలు. అక్కడ గసగసాలు పూర్తిగా నిషిద్ధం, నల్లమందు మొక్క గింజలు గనుక. మన ఆడవారు చేసి ఇచ్చే మసాలా పొడిలో గసగసాలు ఉంటాయి గదా! పెట్టెలో మసాలా పొడి పెట్టే ముందు అడగండి, "అత్తయ్యా, ఇందులో గసగసాలు వేశారా?" అని. పేరు లేని చూర్ణాలు, పొట్లం కట్టిన పసరు మందులు కూడా వద్దు. అవి ఏమిటో మీరు అధికారులకు వివరించలేరు. ఎండు కొబ్బరి చిప్పలు కూడా విమానంలో వద్దు. నూనె వల్ల త్వరగా అంటుకుంటాయని భద్రతా సిబ్బంది తీసివేస్తారు. ఆవకాయ సీసా చేతి సంచిలో ఉంటే ఆపుతారు. పెద్ద పెట్టెలో అయితే గట్టిగా మూత పెట్టి పంపవచ్చు. బి.పి. ఉన్నవారు దాన్ని ఎవరికైనా కానుకగా ఇచ్చి రండి.

ఇక ప్లాస్టిక్ కవర్లు. మన పెట్టె తెరిస్తే చెప్పులకొక కవరు, సబ్బుకొక కవరు, తడి తువ్వాలుకొక కవరు. కెన్యాలో 2017 ఆగస్టు 28 నుండి ప్లాస్టిక్ చేతి కవర్లు నిషేధం. జరిమానా, జైలు రెండూ ఉన్నాయి. గుడ్డ సంచులు కుట్టించుకొని వెళ్ళండి. మందులకు కూడా గుడ్డ సంచే.

విమానంలో కాళ్ళు, నీళ్ళు

ముంబయి నుండి నైరోబీకి నేరుగా అయితే సుమారు ఆరు గంటలు. విమానాలు మారుతూ వెళ్తే రోజంతా పట్టవచ్చు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాలలో కాలి సిరలలో రక్తం గడ్డకట్టే అవకాశం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. మామూలు ఆరోగ్యవంతులకు ఇది అరుదు. ఇటీవల ఆపరేషను అయినవారికి, కేన్సరు ఉన్నవారికి, గర్భిణులకు, ఇంతకు ముందు ఒకసారి గడ్డకట్టినవారికి అరుదు కాదు. గంటకొకసారి లేచి నడవండి. కూర్చున్నచోటే పాదాలను మడమల మీద పైకి, కిందికి ఆడించండి, కుట్టుమిషను తొక్కినట్టు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ వేసుకోకండి.

ఇక్కడ స్త్రీలతో ఒక మాట. విమానంలో మరుగుదొడ్డికి వెళ్ళాలంటే పక్కవారిని లేపాలని, తలుపు వేయడం రాదని, నీళ్ళే త్రాగకుండా కూర్చుంటున్నారు. కొందరు మూత్రం ఎక్కువ వచ్చే బి.పి. బిళ్ళ ఆ రోజు మానేస్తున్నారు. రెండూ ప్రమాదమే. నడవ పక్క సీటు ముందుగానే అడిగి తీసుకోండి. ఆ బిళ్ళ ఏ వేళకు మార్చుకోవచ్చో మమ్మల్ని అడగండి.

అక్కడికి చేరాక

ఎత్తు మీద ఉన్న ఊరు గనుక గుండె జబ్బు, రక్తహీనత, ఉబ్బసం ఉన్నవారికి మొదటి ఒకటి రెండు రోజులు మెట్లు ఎక్కితే ఆయాసం రావచ్చు. మొదటి రోజు తిరుగుళ్ళు పెట్టుకోవద్దు. ఆయాసం కూర్చున్నా తగ్గకపోతే అది ఎత్తు వల్ల అనుకొని ఊరుకోవద్దు. జూన్ నుండి ఆగస్టు వరకు అక్కడ చలికాలం. పొద్దున్న, రాత్రి స్వెట్టరు కావాలి. భూమధ్యరేఖకు దగ్గర గనుక మధ్యాహ్నపు ఎండ మాత్రం చల్లగాలిలో కూడా చర్మాన్ని కాలుస్తుంది.

భోజనం విషయంలో మనవారు భయపడవలసింది లేదు. మొక్కజొన్న పిండితో వండే ఉగాలి మన రాగి సంగటికి దగ్గర బంధువు. సుకుమా వికీ అనే ఆకుకూర వేపుడుతో తింటారు. చపాతీ, సమోసా, టీ అక్కడ ఇంటింటి వస్తువులు. 1896లో మొదలైన రైలు మార్గం పనికి మన దేశంనుండి వెళ్ళిన కూలీలు, వారి వెనుక వెళ్ళిన వ్యాపారులు వదలివచ్చిన గుర్తులవి. షుగరు ఉన్నవారు ఉగాలి ముద్దను అన్నం లెక్కలోనే చూడాలి, "జొన్న కదా" అని రెండో ముద్ద వేయించుకోవద్దు. టీ పాలతో, చక్కెరతో కలిపే ఇస్తారు. "బిలా సుకారీ" అంటే చక్కెర లేకుండా అని. ఈ ఒక్క మాట నేర్చుకోండి. మందును వారు "దావా" అంటారు. మన దవాఖానాలో ఉన్న మాటే! డాక్టరు "దక్తారి", నీళ్ళు "మాజీ". సీలు వేసిన సీసా నీళ్ళు గాని, కాచి చల్లార్చినవి గాని త్రాగండి. పళ్ళు తోముకోవడానికి కూడా అవే. విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పొట్లం, లేదా లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో, తలగొట్టి. రక్తం పడినా, జ్వరం వచ్చినా సభ నిర్వాహకులకు చెప్పి ఆసుపత్రికి వెళ్ళాలి. అత్యవసరానికి 999 గాని 112 గాని.

ప్లగ్గుల సంగతి కూడా ఆరోగ్యానికి సంబంధించినదే. నెబ్యులైజరు, నిద్రలో వాడే శ్వాస యంత్రం తీసుకొని వెళ్ళేవారికి అక్కడి ప్లగ్గులు చదరపు మూడు పుల్లలవి, మనవి పట్టవు. అడాప్టరు ఇక్కడే కొనుక్కోండి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో వేయరాదు.

ప్రయాణపు అనుమతి కాగితం 2024 జనవరి నుండి వీసాకు బదులు ఇ.టి.ఎ. అనే పేరుతో ఇంటర్నెట్టు ద్వారా ఇస్తున్నారు. కెన్యా ప్రభుత్వపు సైటులోనే దరఖాస్తు చేయండి. దానిని పోలిన దళారీ సైట్లు రెట్టింపు సొమ్ము పట్టుకుంటాయి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు మీకున్న బి.పి., షుగరు, గుండె జబ్బు దాచకండి. దాచితే అవసరమైన రోజున ఆ బీమా మీకు పనికిరాదు. ఏజెంటు "వ్రాయకపోయినా ఫర్వాలేదండి" అన్నా వ్రాయించండి.

తిరిగి వచ్చాక

వచ్చిన తరువాత మూడు నెలల లోపల ఎప్పుడు జ్వరం వచ్చినా, అది జలుబు జ్వరమేనని మీకు ఎంత నమ్మకమున్నా, అదే రోజు రక్తపరీక్షకు రండి. మలేరియా మందు సరిగా వేసుకున్నవారు కూడా రావాలి. మొదటి స్లైడులో కనబడకపోతే మరునాడు మళ్ళీ తీయవలసి ఉంటుంది, విసుక్కోవద్దు. ఏ ఆసుపత్రికి వెళ్ళినా, అడిగినా అడగకపోయినా, మొదటి మాటగా "నేను ఆఫ్రికా వెళ్ళివచ్చాను" అని చెప్పండి. మాట్లాడలేని స్థితి రావచ్చు గనుక ఇంట్లో ఇంకొకరికి కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ప్రయాణం అయి కొన్ని వారాలు గడిచినా సరే, ఆలస్యం చేయకుండా రావాలి.

ఆ పసుపు రంగు టీకా పుస్తకం పారవేయవద్దు. పాస్‌పోర్టు కొత్తది తీసుకున్నా పాతదానితో కలిపి దాచండి.

ప్రయాణ సలహా కోసం మా దగ్గరకు వచ్చేవారు కనీసం ఆరు వారాల ముందు రండి. వచ్చేటప్పుడు ఆహ్వానపత్రం, పాస్‌పోర్టు నకలు, ప్రయాణపు తేదీలు, విమానం ఏ ఊరి మీదుగా వెళ్తుందో ఆ వివరం, ఇప్పుడు వాడుతున్న మందులన్నీ అట్టలతో సహా సంచిలో వేసుకొని తీసుకురండి. సభ తరువాత ఎక్కడికైనా వెళ్ళే ఆలోచన ఉంటే అది కూడా మొహమాటం లేకుండా చెప్పండి.